హాబ్సన్ గుర్రం దగ్గర పోయిన రెండున్నర మార్కులు

ఎస్ఎస్‌సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) టైర్-1కి, అంటే తొలి దశకి, ప్రిపేర్ అవుతున్నప్పుడు ఇంగ్లిష్‌లో నన్ను ఎక్కువగా దెబ్బ కొట్టింది గ్రామర్ కాదు, ఇడియమ్స్, అంటే జాతీయాలు. ఒక మాక్ టెస్టులో ‘హాబ్సన్స్ చాయిస్’కి అర్థం అడిగారు. చాయిస్ అంటున్నారు కదా, రెండిట్లో ఏది ఎంచుకోవాలో తేలని ఇరకాటం అయి ఉంటుందని టిక్ పెట్టేశాను. తప్పు. రావాల్సిన రెండు మార్కులు రాలేదు, పైగా అర మార్కు కోత. తమాషా ఏమిటంటే, అది నా నోట్సులో ఉంది. రోజుకు ఇరవై చొప్పున బట్టీ పట్టిన లిస్టులో, ఎర్ర ఇంకుతో గీత కూడా గీసి ఉంది.

ఆ రాత్రి ఉక్రోషంతో, అసలు ఈ హాబ్సన్ ఎవరా అని వెతికాను. థామస్ హాబ్సన్ కేంబ్రిడ్జిలో ఉండేవాడు. అక్కడి నుంచి లండన్‌కు ఉత్తరాలు, సామాన్లు చేరవేసేవాడు, గుర్రాలు అద్దెకిచ్చేవాడు. యూనివర్సిటీ కుర్రాళ్లు వచ్చినప్పుడల్లా బాగా పరుగెత్తే గుర్రాన్నే అడిగేవారు. దాంతో మంచివి అలిసిపోయేవి, మిగతావి మేత మేస్తూ నిలబడేవి. విసుగెత్తి ఆయన ఒక వరస పెట్టాడు. శాలలో నలభై గుర్రాలున్నా సరే, ఇచ్చేది తలుపు దగ్గరున్నదే. ఇష్టమైతే ఎక్కు, లేదంటే నడిచి పో. 1631లో ఆయన పోతే, అప్పటికి అక్కడే చదువుతున్న కవి మిల్టన్ రెండు పద్యాలు రాశాడు. ప్లేగు వల్ల బండి ఆగిపోయింది కాబట్టి, ఊరికే కూర్చోలేక ప్రాణం వదిలాడని అందులో చమత్కారం.

ఇక ఈ ఇడియమ్ మర్చిపోదామన్నా కుదరలేదు. మా హాస్టల్ మెస్‌లో సోమవారం పొద్దున ఉప్మా ఒక్కటే ఉండేది. తింటే తిను, లేదంటే ఖాళీ కడుపుతో లైబ్రరీకి పో. అదే హాబ్సన్స్ చాయిస్. నేను టిక్ పెట్టిన అర్థం ‘ముందు నుయ్యి వెనక గొయ్యి’కి దగ్గర. దానికి ఇంగ్లిష్‌లో వేరే ఉంది, ‘బిట్వీన్ ద డెవిల్ అండ్ ద డీప్ సీ’. ఆప్షన్లలో ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టే మనల్ని పడగొడతారు.

అప్పటి నుంచి నోట్సు పద్ధతి మార్చాను. ఇడియమ్ పక్కన ఇంగ్లిష్ అర్థం కాకుండా, మన ఇంట్లో అనే మాట రాసుకున్నాను. ‘టర్న్ ఎ బ్లైండ్ ఐ’ అంటే చూసీ చూడనట్టు ఊరుకోవడం. ‘బీట్ అరౌండ్ ద బుష్’ అంటే డొంకతిరుగుడు. వేటలో పిట్టల్ని లేపడానికి పొదల్ని కొట్టేవాళ్ల నుంచి వచ్చిన మాట అది. ‘జగర్‌నాట్’ అయితే మన పూరీ జగన్నాథుడి రథమే, అడ్డొస్తే ఆగనిది.

కాకపోతే నెట్‌లో దొరికే ప్రతి కథనూ నమ్మకండి. పూరికప్పు మీద పడుకున్న కుక్కలూ పిల్లులూ వానకి జారిపడేవి కాబట్టి ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ (కుండపోత వాన) వచ్చిందన్నది వట్టి కట్టుకథ. అయినా అర్థం గుర్తుండటానికి పనికొస్తే వాడుకున్నాను, పరీక్షలో పుట్టుక అడగరు కదా!

ఇంగ్లిష్ మొత్తం 25 ప్రశ్నలు, అందులో ఇడియమ్స్ కొన్నే. అందుకే అన్నిటికీ కథలు వెతుకుతూ కూర్చోలేదు. ‘బై అండ్ లార్జ్’ (మొత్తం మీద చూస్తే) తెరచాప ఓడల భాష నుంచి వచ్చింది. గాలి ఎటు, ఓడ ఎటు అని బొమ్మ గీసుకుని అర్థం చేసుకునేసరికి పావుగంట పోయింది. దాన్ని మాత్రం బట్టీయే పట్టాను.