లేబర్ రూమ్‌లో జిరాక్స్ కాగితాలు

1997లో నేను హౌస్‌సర్జన్‌గా గైనిక్ పోస్టింగ్‌లో ఉన్నాను. ఒకరోజు పొద్దున్నే మా యూనిట్ మేడం లేబర్ రూమ్ డ్యూటీ టేబుల్ మీద కొన్ని జిరాక్స్ కాగితాలు పెట్టి, "మధ్యాహ్నంలోగా అందరూ చదవండమ్మా" అన్నారు. 1995లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఎక్లాంప్సియా (గర్భిణులకి, బాలింతలకి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే జబ్బు) ట్రయల్ అది. ఇండియాతో పాటు ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఆస్పత్రుల్లో 1,687 మంది గర్భిణులు, బాలింతలతో చేశారు. మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తే ఫిట్స్ మళ్లీ రావడం డయాజిపామ్‌తో పోలిస్తే 52 శాతం, ఫెనిటాయిన్‌తో పోలిస్తే 67 శాతం తగ్గింది. అప్పటికి మా దగ్గర అందరికీ డయాజిపామే.

చదవడం అరగంట పని. అమలుకి రావడానికి మాత్రం నెలలు పట్టింది. మెగ్నీషియం ఎక్కువైతే ఊపిరి ఆగిపోతుందన్న భయం అందరిలో ఉండేది. అది ఉత్త భయం కూడా కాదు. ప్రతి డోసుకి ముందు మోకాలి జర్క్ (సుత్తితో తడితే కాలు ఎగరడం) చూడాలి, ఊపిరి లెక్కపెట్టాలి, యూరిన్ ఎంత వచ్చిందో కొలవాలి. రాత్రి డ్యూటీలో ఇద్దరే సిస్టర్లు, అన్ని టేబుళ్లూ నిండి ఉండేవి. ఒక సీనియర్ సార్ అయితే, "ఇరవై ఏళ్లుగా డయాజిపామ్ ఇస్తున్నాం, ఎవరికేమైంది?" అన్నారు.

మేడం ఆయనతో వాదించలేదు. పాత కేస్ షీట్లు తీయించి, డయాజిపామ్ ఇచ్చాక కూడా ఫిట్స్ వచ్చినవాళ్లని మా చేత లెక్కపెట్టించారు. ప్రాణాలతో ఇంటికి వెళ్లినవాళ్లే మనకి గుర్తుంటారని నాకు ఆరోజే అర్థమైంది. ఆ తర్వాత టేబుల్‌కి ఒక మోకాలి సుత్తి తాడుతో కట్టించారు. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ ఆంపూల్, సిరంజి ఒక ట్రేలో విడిగా పెట్టించారు. సిస్టర్లకి ఆవిడే దగ్గరుండి నేర్పారు. పేపర్‌లోని విషయం మంచం దగ్గరికి చేరింది ఆ ట్రే వల్లే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక పీజీ అక్క అడిగిన ప్రశ్న ఇంకా గుర్తుంది. "మేడం, మన పేషెంట్లు నలభై అయిదు కిలోలు కూడా ఉండరు. అమెరికాలో డల్లాస్ డాక్టర్ ప్రిచర్డ్ పెట్టిన డోసు వీళ్లకి ఎక్కువ కాదా?" మేడం ముఖం వెలిగిపోయింది. "ఇదీ అడగాల్సింది" అన్నారు. తర్వాత కొన్నేళ్లకి ఢాకా డాక్టర్లు తక్కువ డోసు పద్ధతిని ప్రచురించినప్పుడు నాకు ఆ అక్కే గుర్తొచ్చింది.

ఇప్పుడు నేనూ పీజీలకి చెబుతున్నాను. వాళ్లు రెండు నిమిషాల్లో ఫోన్‌లో పేపర్ వెతికేస్తారు. కొత్త పేపర్లు చర్చించే జర్నల్ క్లబ్‌లో చక్కగా విడమర్చి చెబుతారు. రౌండ్స్‌లో చీఫ్ పక్కన నిలబడితే మాత్రం నోరు పెగలదు. మన చదువుల్లో పెద్దవాళ్లని ప్రశ్నించడం తప్పుగానే పెంచారు, అది ఒక లెక్చర్‌తో పోయేది కాదు.

మొన్న రౌండ్స్‌లో ఒక ఫస్టియర్ అమ్మాయి భయపడుతూనే నన్ను అడిగింది. "మేడం, తొలి కాన్పు అందరికీ ఎపిసియోటమీ ఎందుకు వేస్తున్నాం? అందరికీ అవసరం లేదని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది కదా." ఎపిసియోటమీ అంటే కాన్పు సమయంలో బిడ్డ బయటికి రావడానికి దారి దగ్గర వేసే కోత. అంతా నా వైపు చూశారు. నిజంగానే నా దగ్గర జవాబు లేదు, అలవాటు తప్ప. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని మా లేబర్ రూమ్ రిజిస్టర్ తెరిచాం. లెక్క ఇంకా సాగుతోంది.