నల్లరేగడి తాగని నీళ్లు

మా ఇల్లు ఉన్న చోటు ఒకప్పుడు మిరపచేను. గుంటూరులో ఏటుకూరు వైపు పొలాలు ప్లాట్లుగా మారుతున్నప్పుడు రెండు వందల గజాలు కొన్నాం. కరెంటు వచ్చింది, మంచినీళ్లు వచ్చాయి, సిమెంటు రోడ్డు కూడా వచ్చింది. మురుగు పైపు మాత్రం రాలేదు. అందరిలాగే మేమూ ఒక సెప్టిక్ ట్యాంకు కట్టించి, దాని పక్కన ఆరు సిమెంటు రింగులు దింపి ఇంకుడు గుంత చేయించాం.

అది మే నెల. గుంత తవ్వగానే మేస్త్రీగారు నాలుగు బిందెల నీళ్లు పోయించారు. నేను చూస్తుండగానే అవి మాయమయ్యాయి. "భూమి ఎంత దాహంగా ఉందో చూడండమ్మా" అన్నారాయన. నేనూ సంతోషించాను.

ఆగస్టులో ముసురు పట్టిన మూడో రోజు ఉదయం పక్కింటి పిన్నిగారు గేటు దగ్గరకొచ్చి, "అమ్మాయీ, మీ నీళ్లు మా వాకిట్లోకి వస్తున్నాయి" అన్నారు. కోపంగా అనలేదు. వెళ్లి చూస్తే గుంత మూత అంచు నుంచి బూడిదరంగు నీళ్లు సన్నగా పాకుతూ ఆవిడ అప్పుడే వేసిన ముగ్గును ఒక మూల నుంచి కరిగిస్తున్నాయి. సిగ్గుతో నాకు మాట రాలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత అర్థమైంది. నల్లరేగడి ఎండలకు బీటలు వారుతుంది. చెయ్యి మోచేతిదాకా దూరేంత బీటలు మా పెరట్లోనే ఉండేవి. మేలో పోసిన నీళ్లు ఇంకలేదు, ఆ బీటల్లోకి జారిపోయాయి. వానలు పడ్డాక అదే మట్టి ఉబ్బి బీటలన్నీ మూసుకుపోతాయి. అప్పుడు గుంత కుండతో సమానం. నేల ఏ మాత్రం ఇంకించుకుంటుందో తెలియాలంటే ముందురోజంతా గుంతను నీటితో నింపి నానబెట్టి, మర్నాడు మళ్లీ నింపి కొలవాలి. సెప్టెంబరులో అలాగే చేశాను. అడుగు లోతు గుంత తీసి, అందులో పిల్లల స్కేలు గుచ్చి, పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాకా చూస్తూ కూర్చున్నాను. నీళ్లు గోరు వెడల్పు దిగాయి, అంతే.

ట్యాంకు గొట్టాన్ని రోడ్డు పక్క కాలువలోకి తిప్పేస్తే సరిపోతుందని చాలామంది చెప్పారు. మా వీధిలో సగం ఇళ్లది అదే పద్ధతి. నాకు మనసు ఒప్పలేదు. 2018 మార్చిలో తాగునీటిలో మురుగు కలిసి మన గుంటూరులోనే అతిసారంతో ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లో ఆసుపత్రి వరండాలో చూసిన తల్లుల ముఖాలు నేను మరిచిపోలేదు. మా ఇంటి మురుగు ఎవరి బిందెలోకో చేరే దారి నా చేతులతో నేను వేయలేను.

మా పెదనాన్నగారు ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన వచ్చి కాగితం మీద గీసి చూపించారు. ట్యాంకు చేసేది సగం పనే. బరువైనది అడుగుకు దిగుతుంది, నూనె, తెట్టు పైకి తేలతాయి, మధ్యనున్న నీళ్లు బయటికొస్తాయి. ఆ నీళ్లలో వాసన, క్రిములు అలాగే ఉంటాయి. మిగతా సగం పనిని కంకర, మొక్కల వేళ్లు, వాటిని పట్టుకుని బతికే సూక్ష్మజీవులు చేయాలి. రోజుకు మనిషికి 135 లీటర్ల లెక్కన మా అయిదుగురికి 675 లీటర్లు. అందుకు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, అయిదు అడుగుల నీటి లోతుతో ట్యాంకు అనుకున్నాం. మధ్యలో గోడ కట్టి, మొదటి గది రెండు వంతులు, రెండోది ఒక వంతు ఉంచాం. నీళ్లు లోపలికొచ్చే గొట్టానికీ బయటికెళ్లే గొట్టానికీ T అక్షరంలా ఉండే టీ ముక్క బిగించడం ముఖ్యం. పైన తేలే తెట్టు నీళ్లతోపాటు పోకుండా ఆపేది అదే. మా పాత ట్యాంకుకు అది లేనే లేదు.

పాత ట్యాంకులోకి మనిషిని దింపి అందులోనే గోడ కట్టిస్తానని మేస్త్రీగారు అన్నారు. నేను ససేమిరా ఒప్పుకోలేదు. ఖాళీ చేసిన ట్యాంకులోనూ విషవాయువు నిలిచి ఉంటుంది. దిగినవాడు కేక వేసే లోపే పడిపోతాడు, తీయబోయినవాడూ పడిపోతాడు. రక్షణ సరంజామా లేకుండా సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయడానికి మనుషుల్ని దింపడాన్ని 2013 నాటి పాకీపని నిషేధ చట్టం నేరంగా చూస్తుంది. చట్టం లేకపోయినా నా జవాబు అదే. పాతదాన్ని యంత్రంతో తోడించి ఇసుకతో పూడ్పించాం. కొత్తది పక్కనే కట్టాం, కింద రేగడి తీసేసి ఇసుక పరిచి, దాని మీద కమ్మీలతో కాంక్రీటు వేశాం. లేకపోతే ఉబ్బే మట్టి గోడల్ని పగలగొడుతుంది.

మిగతా సగం పని కోసం పెరటి గోడ వెంట పదిహేను అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పున తొట్టి కట్టి రెండు అడుగుల ఎత్తు కంకర నింపాం. రెండు ట్రాక్టర్లు పట్టింది. కంకర క్రషర్ దుమ్ముతో వచ్చింది. కడగకుండా పోస్తే ఆ దుమ్మే తొట్టిని పూడ్చేస్తుందని పట్టుబట్టి జల్లెడల్లో కడిగించాను. కూలివాళ్లు ఒకటిన్నర రోజు అదే పని చేశారు. ఆ ఖర్చుకు నేను ఇప్పటికీ బాధపడను. తొట్టి చివర మోచేతిలా వంగే గొట్టం ఉంది. దాన్ని కొంచెం వంచితే నీటిమట్టం తగ్గుతుంది, నిలబెడితే పెరుగుతుంది. నీళ్లు ఎప్పుడూ కంకరకు మూడంగుళాల కిందే ఉండాలి. పైకి కనబడితే దోమలు గుడ్లు పెడతాయి. కాలువ గట్టు నుంచి తెచ్చిన మెట్టతామర దుంపలు నాటాం. మూడు నెలలకు నడుమెత్తు పెరిగి ఎర్రగా పూశాయి.

మొదటి వేసవిలోనే ఇబ్బంది వచ్చింది. ఆవకాయ పెట్టిన వారం జాడీలు, బేసిన్లు కడిగిన నీళ్లన్నీ పప్పునూనెతో వెళ్లాయి. వంటింటి గొట్టానికి పెట్టిన నూనె పట్టే చిన్న తొట్టిని నేను శుభ్రం చేయలేదు. కంకర మొదటి అడుగు జిడ్డుపట్టి వాసన మొదలైంది. ఆ అడుగు వరకు కంకర తీసి వేడినీళ్లతో కడిగి మళ్లీ పోశాం. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ చిన్న తొట్టి మీది నూనె గరిటెతో తీసి చెత్తలో వేస్తాను. మరుగుదొడ్డిలో యాసిడ్ పోయడం మానేశాం, అది ట్యాంకులోని సూక్ష్మజీవుల్ని చంపుతుంది.

ఆరు నెలలకొకసారి వెదురుకర్ర చివర తెల్లటి తువ్వాలు చుట్టి, ట్యాంకు మూత తీసి కాసేపు దూరంగా ఆగి, తల వంచకుండా అడుగుదాకా దింపుతాను. పైకి తీస్తే బట్ట మీద నల్లటి చారిక ఎంత ఎత్తుందో కనబడుతుంది. ఏడాదికి ఏడంగుళాల వంతున పెరిగి, మూడో ఏడాదికి ఇరవై అంగుళాలు దాటింది. మూడో వంతు నిండితే తోడించాలి. మొదట వచ్చిన లారీవాళ్లను ఎక్కడ పోస్తారని అడిగితే నవ్వి ఊరుకున్నారు. వాళ్లను పంపేసి, శుద్ధి కేంద్రంలో వదిలినట్టు రసీదు తెచ్చి చూపించినవాళ్లనే పిలిచాను. అడుగున నాలుగంగుళాలు మిగిల్చమన్నాను, కొత్త మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి.

తొట్టి నుంచి వచ్చే నీళ్లు ఇప్పుడు పలచటి టీ రంగులో, వాసన లేకుండా ఉంటాయి. క్రిములు పూర్తిగా పోవు కనుక ఆకుకూరలకు పోయను. కొబ్బరి, అరటి చెట్ల మొదళ్లలో వదులుతాను, చేత్తో తాకను.

మొన్న ఏప్రిల్‌లో పిన్నిగారు మెట్టతామర దుంపలు అడిగారు. వాళ్ల ఇంకుడు గుంత కూడా నిండుతోందట. దుంపలు ఇచ్చాను, గుంత పరీక్ష మాత్రం ఇప్పుడు వద్దన్నాను. శ్రావణంలో వానలు పడ్డాక స్కేలు పట్టుకుని నేనే వస్తానని చెప్పాను.