నాన్న కట్టనన్న చలానా

2024 జనవరి మొదటి వారంలో ఒక సాయంత్రం నాన్న ఫోన్ చేసి, "ఒకసారి రాగలవా? బండి ఆపారు" అన్నారు. గొంతు నీరసంగా ఉంది. ఏదో ప్రమాదం జరిగిందనుకుని పరుగెత్తాను. వెళ్లేసరికి దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు పక్కన స్కూటర్ ఆపి, హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. కానిస్టేబుల్ మర్యాదగానే మాట్లాడాడు. "పెద్దాయనా, మీ బండి మీద నాలుగు చలానాలున్నాయి. చూసుకుని కట్టేయండి" అని చెప్పి పంపేశాడు.

నాకది చిన్న విషయం. నాన్నకు కాదు. తపాలా శాఖలో 34 ఏళ్లు ఉత్తరాలు పంచిన మనిషి ఆయన. ఎర్ర దీపం పడితే కూడలి ఖాళీగా ఉన్నా కదలరు. నలుగురి ముందు ఆ మాట పడేసరికి తల తీసేసినట్టయింది. ఇంటికి వచ్చాక మంచినీళ్లు కూడా ముట్టకుండా, "ఎక్కడ, ఎప్పుడు, ఏం తప్పు చేశానో చూపించు" అన్నారు.

తెలంగాణ పోలీసుల ఈ-చలానా వెబ్‌సైటు తెరిచి, ఆర్సీ పక్కన పెట్టుకుని బండి నంబరు కొట్టాను. ఒక పట్టిక వచ్చింది. చలానా నంబరు, తేదీ, సమయం, ఏ స్టేషన్ పరిధి, ఏ చోటు, ఏ తప్పు, జరిమానా ఎంత అని వరసగా గడులు. జరిమానాకు తోడు ఒక్కో చలానాకు 35 రూపాయల యూజర్ ఛార్జీ. అప్పట్లో హైదరాబాదులో బండి నడిపేవాళ్లకు 135 అనే అంకె బాగా పరిచయం. హెల్మెట్ చలానా వంద, దాని మీద ఆ ముప్పై అయిదు. చాలామంది చూపు సరాసరి కింద ఉన్న మొత్తం దగ్గరికి పోతుంది. నేనూ అంతే చేశాను. నాన్న మాత్రం ఆ వరస చివర ఉన్న కెమెరా బొమ్మను చూపించి, "అదేమిటి?" అని అడిగారు. అది నొక్కితే ఫొటో వస్తుంది. ఆ ప్రశ్న అడగకపోయి ఉంటే మేం ఆ రాత్రే నాలుగూ కట్టేసి పడుకునేవాళ్లం.

మొదటి ఫొటోలో నాన్న, వెనక అమ్మ. నాన్న తలకు హెల్మెట్ ఉంది, అమ్మ తలకు లేదు. ఒడిలో పాత చీర ముక్కలో చుట్టిన మిక్సీ జార్, బాగు చేయించడానికి తీసుకెళ్తున్నారు. రెండో ఫొటో మరో నెలది. ఈసారి అమ్మ చేతిలో కూరగాయల సంచి, అందులోంచి బయటికి వేలాడుతున్న తోటకూర కట్ట. తప్పు గడిలో వెనక కూర్చున్నవారికి హెల్మెట్ లేదని ఉంది. నాన్న చాలాసేపు చూశారు. వెనక కూర్చున్నవాళ్లకు కూడా హెల్మెట్ ఉండాలని ఆయనకు నిజంగా తెలియదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నడిపేవారికీ వెనక కూర్చునేవారికీ ఒకే మాట చెబుతుందని చదివి వినిపించాను. తలపాగా పెట్టుకునే సిక్కులకు తప్ప, నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. "అయితే తప్పు నాదే" అన్నారు. మూడోది మందుల దుకాణం ముందు నో పార్కింగ్ బోర్డు కింద ఆపిన స్కూటర్. అదీ ఒప్పుకున్నారు.

నాలుగోది త్రిబుల్ రైడింగ్. 1,200 జరిమానా, 35 ఛార్జీ, మొత్తం 1,235. ఫొటోలో నల్లటి మోటారు సైకిల్ మీద ముగ్గురు కుర్రాళ్లు. మాది బూడిద రంగు స్కూటర్.

నాన్న కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. నేను ఫొటో పెద్దది చేశాను. నంబరు పలక కింది అంచు బురదతో నిండి ఉంది. చివరి అంకె దగ్గర ఎడమవైపు ఏదో స్టిక్కర్ చిరుగు అంటుకుంది. ఆ చిరుగు 8లోని రెండు సున్నాల ఎడమ అంచులను మింగేసింది. మిగిలింది అచ్చం 3లా కనిపిస్తోంది. మా బండి నంబరు చివర 3.

అప్పట్లో ఊరంతా రాయితీ మాటే. 2023 డిసెంబరు 26 నుంచి పెండింగ్ చలానాల మీద ద్విచక్ర వాహనాలకూ ఆటోలకూ 80 శాతం, కార్లకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకూ తోపుడు బండ్లకూ 90 శాతం తగ్గించారు. గడువు జనవరి 10. అంతకు ముందు 2022 మార్చిలో ఇలాగే ద్విచక్ర వాహనాలకు 75 శాతం తగ్గించారు. నేను లెక్క వేసి, "నాలుగోది రెండు వందల చిల్లరతో పోతుంది నాన్నా, నాలుగూ కట్టేద్దాం, ఎందుకీ తిరుగుడు" అన్నాను.

"మూడు కట్టు. నాలుగోది కట్టను" అన్నారు. "రెండు వందలైనా రెండు రూపాయలైనా, ముగ్గురిని ఎక్కించుకుని తిరిగానని నా పేరు మీద ఉండకూడదు."

రాయితీ గురించి ఆ తర్వాత చాలా ఆలోచించాను. ఏళ్ల తరబడి చలానాలు పేరుకుపోయి, బండి బయటికి తీయాలంటేనే భయపడే ఆటోవాళ్లకు అది ఊపిరి పోసింది. అది నేను కాదనను. ఎప్పటికప్పుడు పూర్తిగా కట్టినవాళ్లకు కష్టంగా అనిపించడమూ న్యాయమే. నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం మరొకటి. చవకగా పోతుందని జనం ఫొటో తెరవకుండానే కట్టేస్తున్నారు. ఎవరిదో తప్పు మన డబ్బుతో మన తప్పుగా స్థిరపడిపోతోంది. కట్టేసిన చలానాను మళ్లీ ఎవరూ తెరిచి చూడరు. అంకె తప్పు చదివినవారికి తప్పు చదివామని తెలిసే దారి కూడా మూసుకుపోతుంది.

మర్నాడు మూడు చలానాలూ కట్టి రసీదులు దాచుకున్నాం. నాలుగోదానికి కాగితాలు సిద్ధం చేశాం. చలానా ప్రతి, ఫొటో ప్రతి, ఆర్సీ నకలు, మా స్కూటర్‌కు ముందూ వెనకా రెండు పక్కలా తీసిన నాలుగు ఫొటోలు. వెనక నుంచి తీసినదాంట్లో నంబరూ రంగూ రెండూ కనిపించేలా తీశాను. నాన్న తెల్ల కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో అర్జీ రాశారు. "అయ్యా, ఫొటోలోని వాహనం నాది కాదు" అన్న మొదటి వాక్యం కింద గీత గీశారు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టి, అదే కట్ట పట్టుకుని చలానాలో పేరున్న ట్రాఫిక్ కార్యాలయానికి కూడా వెళ్లాం. ముందు ఒక కిటికీ దగ్గర, "కట్టేస్తే సరిపోతుంది కదా, రాయితీ ఉంది" అన్నారు. నాన్న కదల్లేదు. గంటన్నర కూర్చున్నాక ఒక యువ కానిస్టేబుల్ లోపలికి పిలిచి, ఫొటోను తెర నిండా పెద్దది చేశాడు. 3 తీసేసి 8 పెట్టి వెతికితే వచ్చిన బండి వివరాలు మోటారు సైకిలువి. రంగు నలుపు. "మీరు చెప్పింది నిజమే తాతా" అన్నాడు. ఆ మాటతో ఆయన ముఖం ఎలా వెలిగిందో నేను రాయలేను.

అయినా జనవరి 10 దగ్గరపడుతుంటే నాకు గుబులు. చలానా తీసేయకపోతే రాయితీ కూడా పోతుందేమోనని. ఇంతలో గడువును 31 దాకా పెంచారు, తర్వాత ఫిబ్రవరి 15 దాకా కూడా. మాకు అంత అవసరం రాలేదు. 17న చూస్తే నాలుగోది జాబితాలో లేదు. తీసేశామని కబురేమీ రాలేదు. రోజూ చూస్తూ ఉన్నాం గనుక తెలిసింది.

ఇన్నాళ్లూ మాకు తెలియకపోవడానికి కారణం కూడా అప్పుడే తేలింది. స్కూటర్ 2014లో కొన్నాం. ఆర్సీలో ఉన్న ఫోను నంబరు ఎప్పుడో వదిలేసినది. చిరునామా రెండు అద్దె ఇళ్ల కిందటిది. ఇల్లు మారిన 30 రోజుల్లో తెలపాలని చట్టంలోనే ఉంది. జీవితమంతా సరైన గుమ్మం వెతికి ఉత్తరం అందించిన మనిషి తన చిరునామా మార్చుకోలేదని ఎంత నొచ్చుకున్నారో. ఆ వారంలోనే రవాణా శాఖకు రెండూ మార్చమని దరఖాస్తు చేశాం.

పనిలో పనిగా ఇంటి బండ్లన్నీ తీశాను. 2012లో నాన్న తన పాత మోపెడ్‌ను పాలు పోసే అతనికి అమ్మారు. బండి పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేశారు. అతను పేరు మార్పించుకోలేదు. ఈనాటికీ అది నాన్న పేరు మీదే ఉంది. అదృష్టవశాత్తూ చలానాలేమీ లేవు. కానీ భయం చలానాల గురించి ఒక్కటే కాదు. చేతులు మారినా రిజిస్టర్లో పేరున్నవారే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మినవారు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతుంది. పన్నెండేళ్లు ఆలస్యంగా మేం ఆ కాగితం రాశాం. అతన్ని వెతికి పట్టుకోవడానికి రెండు ఆదివారాలు పట్టింది. బండి అప్పటికే తుక్కు కింద పోయిందట. రిజిస్ట్రేషన్ రద్దు చేయించే పని ఇంకా నడుస్తోంది. బండి అమ్మేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే దయచేసి సంతకం పెట్టి చేతులు దులుపుకోకండి. పేరు మారిన కార్డు కళ్లతో చూసేదాకా వెంటపడండి.

మా బావ విజయవాడలో ఉంటాడు, బండి ఏపీ 39. ఆంధ్రప్రదేశ్ చలానాలు అక్కడి సైటులో చూసుకుని అంతా సవ్యంగా ఉందనుకున్నాడు. సంక్రాంతికి ముందు హైదరాబాదు వచ్చి వెళ్లినప్పటి అతివేగం చలానా తెలంగాణ సైటులో కనిపించింది. బండి ఏ రాష్ట్రానిది అన్నది కాదు, తప్పు ఎక్కడ నమోదైందో అక్కడే వెతకాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. చలానా పడిందంటూ ఫోనుకు వచ్చే లింకును నొక్కకండి. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) అసలే తెరవకండి. చలానా పేరు చెప్పి ఖాతాలు ఊడ్చేస్తున్నారు. సైటు పేరు చివర జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసి, పేరు మీరే కొట్టి వెళ్లండి.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తేదీన నాన్న ఒక పొడవాటి నోటు పుస్తకం తీస్తారు. ఇంట్లో అయిదు బండ్లు. నేను నంబర్లు కొడుతుంటే ఆయన రాసుకుంటారు. తేదీ, బండి, చలానా ఉందా లేదా, ఫొటో చూశామా, కడితే లావాదేవీ నంబరు. మొదటి పేజీలో మొదటి వరస: "17-1-24, స్కూటర్, బాకీ లేదు." ఐఎస్ఐ ముద్ర ఉన్న రెండో హెల్మెట్ మాత్రం ఆ జనవరిలోనే వచ్చేసింది. కొప్పు కొంచెం కిందికి వేసుకోవడం అమ్మ అలవాటు చేసుకుంది.

అమ్మకు ఆ చలానా ఫొటో కావాల్సి వచ్చింది. ఇద్దరూ కలిసి బండి మీద ఉన్న ఫొటో మా ఇంట్లో ఇంకొకటి లేదు. మిక్సీ జార్ ఉన్నదే బాగుందంది. నేను ప్రింటు తీయించి ఇచ్చాను. నాన్న దాన్ని నోటు పుస్తకం అట్ట లోపల అంటించి, కింద చలానా నంబరూ కట్టిన తేదీ రాశారు.