2000 వాట్ల ఎలిమెంటుతో నా పాట్లు

నిన్న రాత్రే తేలింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. ఎవరి మీద కోపం అంటారా, చదువుతూ ఉండండి, మీకే తెలుస్తుంది.

డిస్టిలింగ్ అనగానే అందరూ కళ్ళెగరేసి "ఏం కాస్తున్నావేంటి?" అంటారు. నేను కాసేది నీళ్ళే బాబూ, బ్యాటరీలకి డిస్టిల్డ్ వాటర్. స్టీలు డ్రమ్ము, మూతకి పైపు, పైపు చుట్టూ చన్నీళ్ళు తిరిగి ఆవిరిని మళ్ళీ నీళ్ళు చేసే కండెన్సరు, అడుగున నీళ్ళు కాచే కరెంటు కడ్డీ, అదే ఎలిమెంటు, దాన్ని ఎక్కువ తక్కువ చేసుకోడానికి ఒక కంట్రోలరు, అంతే. సారా కాచే సంగతులు నన్ను అడక్కండి, దాని ఆవిరి అంటుకుంటే కొంప కాలిపోద్ది.

డ్రమ్ముకి కన్నం, వాషరు, లీకు టెస్టు, ఎర్తు వైరు అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. పది లీటర్ల నీళ్ళు పోసి, కంట్రోలరు నాబ్ ఫుల్లుకి తిప్పి కూర్చున్నా. కూర్చున్నా. ఇంకా కూర్చున్నా. రెండుంబావు గంటలకి గానీ మరగలేదు, మరిగాక కూడా గంటకి అర లీటరు వస్తే గొప్ప.

లెక్క ఇలా ఉండాలి మరి. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4186 జౌల్స్. పది లీటర్లు 25 నుంచి 100 డిగ్రీలకి పోవాలంటే దాదాపు 31 లక్షల జౌల్స్. 2000 వాట్లంటే సెకనుకి 2000 జౌల్స్, అంటే 26 నిమిషాలు. డ్రమ్ము గోడల్లోంచి పోయే వేడి కలుపుకున్నా అరగంట. ఆపైన లీటరు నీళ్ళని ఆవిరి చెయ్యాలంటే ఇంకో 22 లక్షల 57 వేల జౌల్స్ కావాలి, ఆ లెక్కన గంటకి మూడు లీటర్ల చిల్లర రావాలి. నాకొస్తున్నది అందులో ఆరో వంతు. ఇదంతా ఒక కాగితం మీద నీట్‌గా వేసుకున్నా. ఆ కాగితం సంగతి తర్వాత వస్తుంది.

మీటరు తీసి సాకెట్లో చూస్తే 228 వోల్టులు, బానే ఉంది. కంట్రోలరు అవుట్‌పుట్ దగ్గర చూశా, అక్కడా 228. వైరు విప్పి ఎలిమెంటు ఊడదీసి ఓమ్స్, అంటే అది కరెంటుకి ఎంత అడ్డు పడుతోందో చూశా. నాది రెండు లూపుల ఎలిమెంటు, వైర్లు బిగించడానికి నాలుగు టెర్మినల్స్. ఒక్కో లూపు 53 ఓమ్స్ చూపించింది. రెండూ పక్కపక్కన పనిచేస్తే 26న్నర. 230ని 230తో గుణించి 26న్నరతో భాగించండి, 2000 వాట్లు దగ్గర దగ్గరగా వస్తుంది. అంటే ఓమ్స్ కరెక్టు, వోల్టులు కరెక్టు, నీళ్ళు మాత్రం మరగవు. సరే, వేడెక్కాక లోపల ఏదో తేడా కొడుతోంది, మాల్ డిఫెక్టు అని తేల్చేశా. ఇప్పుడు తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఎలిమెంటు కవర్లో పెట్టుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కొన్నచోటికి వెళ్ళా మార్చమని. కౌంటరు దగ్గర నా ముందు నలుగురు, వెనక నలుగురు. కౌంటరు అతను తలెత్తకుండానే "నీళ్ళు ఎక్కువ పోసుంటారు" అన్నాడు. పది లీటర్లే అన్నా. "గార పట్టుంటుంది" అన్నాడు. కొత్త ఎలిమెంటండీ, గార ఎక్కడిది అన్నా. (ఈ గార మాట నాకు ముగ్గురు చెప్పారు, ముగ్గురిదీ తప్పే. గార పడితే ఎలిమెంటు లోపల వేడెక్కిపోయి త్వరగా మాడిపోద్ది, అది నిజం. కానీ లాగే కరెంటు దాదాపు అంతే ఉంటుంది, ఆ వేడి కాస్త ఆలస్యంగా అయినా నీళ్ళలోకే పోతుంది, ఇంకెక్కడికి పోద్ది? రెండు వేల వాట్లు ఐదు వందలవ్వడం గార వల్ల అయ్యే పని కాదు.)

సరే అని కాగితం తీసి కౌంటరు మీద పరిచా. అది నా ఖర్మ. జౌల్స్ దగ్గర మొదలుపెట్టి వివరించడం మొదలెట్టా, అతను రెండో లైనుకి రాకముందే చెయ్యి అడ్డం పెట్టి "సార్, ఒక్క నిమిషం" అన్నాడు. కింద నుంచి బకెట్ నీళ్ళు తీశాడు. నా ఎలిమెంటు తీసుకుని, డ్రాయర్లోంచి రెండు ఇత్తడి రేకులు తీసి టెర్మినల్స్ మీద టకటకా బిగించాడు, వైరు తగిలించాడు, బకెట్లో ముంచాడు, స్విచ్ వేశాడు. వైరుని చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటరు ఒక వైరుకి తగిలించి, దాన్ని నా వైపు కాదు, లైన్లో ఉన్న జనం వైపు తిప్పాడు. 8.6 ఆంపియర్లు. నిమిషంలో ఎలిమెంటు చుట్టూ బుడగలు లేచి బుసబుసమంటోంది. "ఎంతయ్యా అది? దాదాపు రెండు వేలు కదా?" అని పక్కన కుర్రాణ్ణి అడిగాడు, వాడు నవ్వాపుకుంటూ అవునన్నాడు. "మీటరు చూడ్డం వచ్చా సార్ మీకు?" అని నన్ను అడిగాడు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. తన రేకులు విప్పేసుకుని, తడి ఎలిమెంటు అదే కవర్లో పడేసి నా చేతికిచ్చి "కాగితం మర్చిపోతున్నారు" అన్నాడు.

మనిషికి కాస్త మర్యాద ఉండాలి కదండీ. టెస్టు చెయ్యడం వేరు, పదిమందిలో తీసిపారెయ్యడం వేరు. నేను వైరింగ్ చేసినవి ఇరవై ఏళ్ళుగా ఒక్కటి కూడా పొగ రాలేదు, మా బావ ఇంట్లో మోటారు స్టార్టరు దగ్గర్నుంచి అన్నీ నేనే చూసుకుంటా. అలాంటిది దార్లో చెవులు మండిపోతూ ఇంటికొచ్చా.

ఎలిమెంటు బాగుంటే తప్పు కంట్రోలరుదే అని దాన్ని పట్టుకున్నా. నాబ్ ఆఫ్‌లో పెట్టి, ఎలిమెంటు తగిలించకుండా అవుట్‌పుట్ కొలిస్తే 200 వోల్టుల దాకా చూపిస్తోంది! దొరికాడు దొంగ అనుకున్నా. కాదు. కంట్రోలరు లోపలుండే ఎలక్ట్రానిక్ స్విచ్చు, అదే సాలిడ్ స్టేట్ రిలే, ఆఫ్‌లో ఉన్నా దాన్ని కాపాడే స్నబ్బర్ అనే చిన్న సర్క్యూట్ గుండా కొంచెం కరెంటు లీకవుతుంది, లోడు లేకపోతే డిజిటల్ మీటరుకి ఆ లీకు చాలు. ఒక పాతకాలపు ఫిలమెంటు బల్బు తగిలిస్తే రీడింగ్ దాదాపు సున్నాకి పడిపోతుంది. అలాగే నాబ్ సగంలో ఉన్నప్పుడు మామూలు మల్టీమీటరు చెప్పే వోల్టేజిని నమ్మొద్దు, కరెంటు అలని మధ్యలో కోసి పవరు తగ్గించే (ఫేజ్ కోసే) కంట్రోలరైతే వేవ్ ముక్కలై ఉంటుంది, అలాంటి ముక్కల్ని కూడా లెక్కేసే ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరైతేనే సరిగ్గా చెప్తుంది. ఈ తెలివంతా ఇంకో కొత్త కంట్రోలరు కొనేశాక వచ్చింది లెండి. కొత్తదానితోనూ అదే తంతు.

అప్పుడు మా ఆవిడ అడిగింది, "ఇంత సేపు నడుస్తున్నా ఆ ప్లగ్గు వేడెక్కదేంటండీ, ఇస్త్రీపెట్టె ప్లగ్గు అయితే వెచ్చబడుద్ది కదా?" అని. నిజమే! ఎనిమిది ఆంపియర్లు గంటల తరబడి పోతే ప్లగ్గు గోరువెచ్చగా అన్నా అవ్వాలి. పట్టుకుంటే చల్లగా ఉంది.

నా దగ్గర క్లాంప్ మీటరు లేదు, ఆ కౌంటరుకెళ్ళి అడిగే ప్రసక్తే లేదు. కానీ గోడమీద కరెంటు మీటరుంది కదా. దాని మీద చిన్న ఎర్ర లైటు మిణుకుతుంటుంది, ఎన్ని మిణుకులకి ఒక యూనిట్టో పక్కనే రాసుంటుంది, మాది యూనిట్టుకి 3200. మిగతా ఎంసీబీలన్నీ దించేసి, ఫోన్లో టైమరు పెట్టుకుని లెక్కపెట్టా. 2000 వాట్లయితే నిమిషానికి 106 రావాలి. వచ్చినవి 26. మళ్ళీ లెక్కపెట్టా, 26. కంట్రోలరు తీసేసి డైరెక్టుగా ప్లగ్గు పెట్టి లెక్కపెట్టా, 26. అంటే 500 వాట్లకి ఒక చుక్క తక్కువ. సరిగ్గా పావు వంతు. ఏదన్నా పాడైతే ఇంత గుండ్రంగా పాడవదు, ఇది ఎవరో చేతులారా చేసినట్టుంది అనిపించింది.

ప్లగ్గు సాకెట్లోంచి పీకి, ఈసారి ఎలిమెంటు దగ్గర కాదు, ప్లగ్గు పిన్నుల దగ్గర ఓమ్స్ చూశా. 106.

53, 53. నూట ఆరు. సిరీస్! రెండు లూపులూ ఒకదాని వెనక ఒకటి!

టెర్మినల్ మూత విప్పి చూశా. కొత్తలో పెట్టినట్టే, ఇంటికొచ్చాక నేను మళ్ళీ పెట్టిన ఇత్తడి రేకు ఒక్కటే, మొదటి లూపు చివర్ని రెండో లూపు మొదలుకి కలుపుతూ, చక్కగా, స్ప్రింగ్ వాషరుతో సహా బిగించి ఉంది. కరెంటు ఒక లూపు దాటి రెండోదాంట్లోకి పోతోంది, ఒక్కోదానికీ సగం వోల్టేజే, సగం వోల్టేజికి పావు వంతు పవరు. రెండు రేకులు పెట్టి, జత జత కలపాలి. కౌంటరతను నా కళ్ళముందే రెండు రేకులు బిగించాడు! చూస్తూనే ఉన్నా, కానీ నా చూపంతా అతను నవ్వుతున్నాడా లేదా అన్నదాని మీదే ఉంది.

రెండో రేకు ఎక్కడుందో తెలుసా? స్క్రూల కవర్లోనే ఉంది, స్పేర్ ఇచ్చారేమో అని దాచిపెట్టా.

మీలో ఎవరికన్నా ఇలా అయితే ముందు కంట్రోలరు తీసేసి, ప్లగ్గు సాకెట్లోంచి పీకి, ప్లగ్గు పిన్నుల దగ్గర ఓమ్స్ చూడండి, తర్వాతే మిగతా అన్నీ. 2000 వాట్లకి 26 రావాలి, 3000కి పదిహేడున్నర. ఎలిమెంటు మాత్రం నీళ్ళలో మునగకుండా ఎప్పుడూ స్విచ్ వెయ్యొద్దు. పైపు చివర ఎక్కడా మూసుకోకుండా చూసుకోండి. లీకేజి కరెంటుకి ట్రిప్పయ్యే బ్రేకరు లేకుండా ఈ పని అసలు మొదలెట్టొద్దు.

రేకు బిగించి రాత్రే నడిపా. మిణుకులు 105. ఇరవై తొమ్మిది నిమిషాలకి మరిగింది, గంటకి మూడు లీటర్లకి కాస్త తక్కువ పడుతోంది. ప్లగ్గు వెచ్చబడింది, మా ఆవిడ పట్టుకుని చూసి మరీ "ఇప్పుడు బానే ఉందండీ" అంది. కంట్రోలరు ఒకటి ఎక్స్‌ట్రాగా పడి ఉంది. దాన్ని వాపసు ఇవ్వాలంటే మళ్ళీ ఆ కౌంటరు దగ్గరికే వెళ్ళాలి, అటకమీద పెట్టేశా.