డిగ్రీలో చేరారా? పీడీఎఫ్‌లు తర్వాత, ముందు లైబ్రేరియన్‌ని కలవండి

డిగ్రీ ఫస్ట్ ఇయర్‌లో చేరగానే మా చుట్టాల పిల్లలు నాకు పెట్టే మెసేజ్ ఒక్కటే, "అక్కా, మెటీరియల్ ఉంటే పంపవా?" అని. మెటీరియల్ లేక ఎవరూ ఫెయిల్ కావట్లేదురా బాబూ. ఏదో ఒక టెలిగ్రామ్ గ్రూపులో చేరితే చాలు, పూట తిరక్కుండా ఫోన్ నిండిపోయేన్ని పీడీఎఫ్‌లు వచ్చి పడతాయి, వాటిని తెరిచి చదివినవాణ్ని మాత్రం నేనింతవరకూ చూడలేదు. అర్థం కానిది ఎవరిని అడగాలి, ఏమని అడగాలి, ఇది చెప్పేవాళ్లకే కరువు. ఇంట్లో తనే మొదట డిగ్రీ గడప తొక్కినవాళ్లకూ, ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో ఫిజిక్స్ వినాల్సి వచ్చినవాళ్లకూ ఈ కరువు బాగా తెలుస్తుంది. ఆంధ్రలో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియమే అయింది కాబట్టి అక్కడ తప్పించుకునే దారి కూడా లేదు.

కాబట్టి మొదటి వారంలోనే కాలేజీ లైబ్రేరియన్‌ని పరిచయం చేసుకోండి. మన దగ్గర లైబ్రరీ అంటే పేపర్ తిరగేయడానికీ, టీసీ తీసుకునేటప్పుడు నో డ్యూస్ సంతకానికీ వెళ్లే గది, అంతే. కానీ జిరాక్స్ షాపువాడు "ఇంపార్టెంట్ క్వశ్చన్స్" అని స్పైరల్ కట్టి అమ్మే పాత ప్రశ్నపత్రాలు చాలా కాలేజీ లైబ్రరీల్లో ఊరికే దొరుకుతాయి. బుక్ బ్యాంక్ ఉన్న చోట ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు టెక్స్ట్‌బుక్స్ ఎక్కువ కాలం దగ్గర పెట్టుకోవచ్చు. ఇంకోటి, ఎన్‌-లిస్ట్ అని యూజీసీ వాళ్ల ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ నడిపే ఆన్‌లైన్ సర్వీసు ఉంది, వేల జర్నళ్లు, లక్షల్లో ఈ-బుక్స్, కాలేజీ చందా కడితే అందులో చదివే విద్యార్థులకు ఇంటి నుంచి కూడా చూసుకునేలా లాగిన్ ఇస్తారు. ఆ ముక్క నోటీస్ బోర్డులో ఉండదు, అడిగినవాడికే తెలుస్తుంది. మీ కాలేజీలో లేదంటే ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు చూసే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో మీరే రిజిస్టర్ చేసుకోవచ్చు, పైసా అక్కర్లేదు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు నేను గట్టిగా చెప్పేది, ఇంగ్లిష్ టెక్స్ట్‌బుక్‌తో తలపడే ముందు అదే పాఠాన్ని తెలుగులో ఒకసారి చదవండి. ఇందులో నామోషీ ఏమీ లేదు. 1968లో తెలుగు అకాడమీని పెట్టిందే పై చదువుల పుస్తకాలు తెలుగులో తేవడానికి. 1982లో మొదలైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం డిగ్రీ పుస్తకాలు ఇంకా నయం, క్లాసుకి రోజూ రాలేనివాళ్ల కోసం రాసినవి కాబట్టి పక్కన సార్ లేకపోయినా అర్థమవుతాయి. రెండూ హైదరాబాద్ కోఠి సెకండ్ హ్యాండ్ షాపుల్లోనో, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదో తగులుతుంటాయి, సిలబస్ కాపీ చేతిలో పెట్టుకుని బేరమాడండి. ఇంగ్లిష్‌లో చాలనుకునేవాళ్లకు ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీ పాఠాలు ఈ-జ్ఞాన్‌కోశ్ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి.

ఇక సార్లని అడగడం. ఫిజిక్స్‌నే తీసుకోండి. "సార్, గాస్ నియమం అర్థం కాలేదు" అంటే ఏ సార్ అయినా ఏం చేస్తారు, పాఠం మొత్తం మళ్లీ చెప్పలేరు, "టెక్స్ట్‌బుక్ చదువమ్మా" అంటారు. అదే "సార్, ఆవేశం ఉన్న పొడవాటి తీగ లెక్కలో ఉపరితలాన్ని స్థూపంగానే ఎందుకు తీసుకున్నాం, గోళం తీసుకుంటే ఏమవుతుంది?" అని అడిగి చూడండి. సార్ చాక్‌పీస్ అందుకుంటారు. స్థూపం వక్రతలం మీద ఎక్కడైనా తీగ నుంచి దూరం ఒకటే కాబట్టి విద్యుత్ క్షేత్ర తీవ్రత ఒకటే ఉంటుంది, రెండు చివరల మూతల గుండా అభివాహం (ఫ్లక్స్) సున్నా, అందుకే లెక్క రెండు లైన్లలో తేలిపోతుంది, గోళమైతే ఒక్కో బిందువు దగ్గర తీవ్రత ఒక్కోలా ఉండి ఇంటిగ్రేషన్ మెడకు చుట్టుకుంటుంది. ఇది ఒక్కసారి బుర్రకెక్కితే గాస్ నియమంలో సగం వచ్చేసినట్టే. అలాంటి ప్రశ్న పుట్టాలంటే పుస్తకంలో ఎక్కడ బండి ఆగిందో ఆ లైను దాకా మనం వెళ్లి ఉండాలి, ఆ లైను పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకుని పుస్తకం తీసుకుని వెళ్లండి. పర్మనెంట్ సార్లకు కమిటీలు, ఎన్నికల డ్యూటీలు, ఏవో ఒకటి ఉంటాయి, చాలాసార్లు గెస్ట్ లెక్చరర్లే తేలిగ్గా దొరుకుతారు, పీజీ అయి ఎంతో కాలం కాలేదు కాబట్టి వాళ్ల నోట్స్ కూడా తాజాగా ఉంటాయి. వెనకబడినవాళ్లకు పెట్టే రెమెడియల్ క్లాసులంటారా, కాలేజీల నాణ్యత తేల్చే న్యాక్ తనిఖీ ఉన్న ఏడాది రిజిస్టర్లలో బ్రహ్మాండంగా జరుగుతాయి! నిజంగా జరగాలంటే మీరే నలుగురైదుగురు కలిసి, ఫలానా యూనిట్ చెప్పండి అని రాసిచ్చి అడగండి. ఒక్కడు అడిగితే నాన్చుతారు గానీ గుంపుగా వెళితే కాదనరు.

చాట్‌జీపీటీని వాడొద్దని చెప్పను, చెప్పినా వినరు. తెలుగులో అడిగితే తెలుగులోనే ఓపిగ్గా చెబుతుంది, బాగుంది. కాకపోతే డెరివేషన్‌లో మధ్య స్టెప్పు తప్పేసినా అంతే ధీమాగా చెబుతుంది, పుస్తకం పక్కన పెట్టుకుని పోల్చి చూడాల్సిందే.

కూర్చుని చదవడానికి చోటు లేదంటే జిల్లా కేంద్ర గ్రంథాలయాలున్నాయి. హైదరాబాద్‌లో చిక్కడపల్లి లైబ్రరీ పేరు అందరూ చెబుతారు గానీ గ్రూప్స్‌కి చదివేవాళ్లతో కిటకిటలాడుతుంది, సీటు కావాలంటే పొద్దున్నే చేరుకోవాలి.

ఐఐటీల ఆన్‌లైన్ వీడియో కోర్సులుండే ఎన్‌పీటెల్ గురించి కూడా అడుగుతుంటారు. వీడియోలు, కోర్సులో చేరడం ఉచితమే, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. ఐఐటీ క్లాసు వేగం మనకు మొదట్లో అందదు, కోర్సంతా చూడాలని కూర్చోకుండా మన యూనిట్‌కి పనికొచ్చే లెక్చర్లే ఏరుకుని చూడండి, కొన్నింటికి తెలుగు అనువాదం కూడా పెట్టారు. సర్టిఫికెట్ క్రెడిట్‌గా లెక్కేస్తారో లేదో కాలేజీలో ముందే కనుక్కోండి, పరీక్ష తేదీ మీ సెమిస్టర్ పరీక్షల మీద పడట్లేదని చూసుకున్నాకే ఆ వెయ్యి కట్టండి.