బరువు మీద మోపిన నింద

మా వాడి రెండో తరగతి లెక్కల పుస్తకంలోని ఒక పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. మొదటి మూడు కూడికలు గుండ్రటి అంకెలతో, ఒక్క తప్పు లేకుండా చేశాడు. నాలుగో దానికి జవాబు 17. ఒకటి వేసి, ఏడు దగ్గరికి వెళ్లకుండానే ఆగిపోయాడు. ఆ ఒకటి మీదే పెన్సిలును సుడిలా తిప్పి తిప్పి కాగితానికి చిల్లు పెట్టాడు. కింద టీచరు ఎర్ర సిరాతో రాసిన మాట: "వచ్చు, కానీ చేయడు."

ఆ ఏడాదంతా అలాంటి రాతలే. కూర్చున్న చోట కూర్చోడు, ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరుస్తాడు, వారానికొక నీళ్ల సీసా పోగొడతాడు. చివరికి పిల్లల మానసిక వైద్యురాలికి చూపించమని బడివాళ్లే చెప్పారు. ఆమె దగ్గర మూడు వారాల తర్వాత గానీ సమయం దొరకలేదు. ఆ మూడు వారాలూ ఊరకే ఉంటే బాగుండేది. నేను రాత్రిళ్లు ఫోను పట్టుకుని కారణాలు వెతకడం మొదలుపెట్టాను.

రెండో రాత్రో మూడో రాత్రో ఒక వార్త కంటపడింది. గర్భం దాల్చేనాటికే ఊబకాయం ఉన్న తల్లుల పిల్లల్లో ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం, ఎక్కువగా కనిపిస్తున్నాయట. మా వాడు కడుపున పడేనాటికి నా బరువు 84 కిలోలు, ఎత్తు 158 సెంటీమీటర్లు. లెక్క వేసి చూస్తే బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువును కొలిచే అంకె, 33 దాటింది. 30 నుంచే ఊబకాయం కింద లెక్క. ఎనిమిదో నెలలో బీపీ పెరిగినప్పుడు కేసు షీటు మీద "ఊబకాయం" అని రాసి కింద రెండు గీతలు గీసిన సంగతి గుర్తొచ్చింది. వాడి పుస్తకంలోని చిల్లుకూ ఆ రెండు గీతలకూ ఆ రాత్రే ముడి వేసేశాను.

అక్కడి నుంచి నాకు జబ్బు చేసింది. అది జబ్బని అప్పుడు తెలియదు, బాధ్యత అనుకున్నాను. పగలంతా పస్తు ఉండేదాన్ని. ఇల్లు సద్దుమణిగాక వంటింట్లో దీపం కూడా వేయకుండా నిలబడి, చేతికందినదల్లా తినేదాన్ని. తిన్నందుకు ఏడ్చేదాన్ని. రోజుకు నాలుగుసార్లు తూకం యంత్రం ఎక్కేదాన్ని. మా ఆయన దాన్ని బీరువా మీద పెడితే, స్టూలు వేసుకుని దించుకున్నాను. నిద్ర మూడు గంటలకు పడిపోయింది. వాడు అల్లరి చేసినప్పుడు కోపం రావడం కూడా మానేసింది. "నా వల్లే కదా" అనుకుని ఊరుకునేదాన్ని. పిల్లవాడికి అంతకంటే అన్యాయం లేదు. ఏ తల్లీ అలా నీరుగారిపోయి ఎదురుగా కూర్చోకూడదు.

డాక్టరమ్మ తొందరపడే మనిషి కాదు. ముందు వాడి చెవులూ కళ్లూ పరీక్ష చేయించింది. ఇంట్లో మాకు కొన్ని ప్రశ్నపత్రాలు, బడిలో టీచరుకు కొన్ని. ఈ సమస్యను తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ లేదట. ధ్యాసకు సంబంధించి 9 లక్షణాలు, అతి చురుకుదనానికి సంబంధించి 9. పిల్లల్లో ఏదో ఒక వైపు కనీసం 6 ఉండాలి. ఆరు నెలలకు తగ్గకుండా సాగి ఉండాలి. ఇంట్లోనో బడిలోనో ఒక్కచోటే ఉంటే చాలదు. మా వాడికి రెండు వైపులా లెక్క సరిపోయింది.

ఆమె ఇంకా ఏదో చెబుతుండగానే అడ్డుపడి అడిగేశాను. "నా బరువు వల్లే కదా డాక్టర్?"

ఓదారుస్తుందేమో అనుకున్నాను. ఆమె ఓదార్చలేదు, మందుల చీటీ వెనక్కి తిప్పి గీతలు గీసింది. అదే నాకు మేలు చేసింది.

"మీరు చదివింది అబద్ధం కాదమ్మా. చాలా అధ్యయనాల్లో ఆ సంబంధం కనిపించింది. కానీ సంబంధం ఉన్నంత మాత్రాన అదే కారణం కాదు," అంది. స్వీడన్‌లో 1992 నుంచి 2000 దాకా పుట్టిన 6,73,632 మంది పిల్లల వివరాలు తీసుకుని చేసిన అధ్యయనం ఒకటి ఉంది. 2014లో అచ్చయింది. మామూలుగా పోల్చినప్పుడు, ఊబకాయం ఉన్న తల్లుల పిల్లల్లో ఏడీహెచ్‌డీ 1.64 రెట్లు కనిపించింది. నన్ను నిద్రపోనివ్వని అంకె అలాంటిదే. ఆ పరిశోధకులు అక్కడితో ఆగలేదు. ఒకే తల్లికి పుట్టిన తోబుట్టువులను పోల్చారు. రెండు కాన్పుల మధ్య తల్లి బరువు మారుతుంది కదా. బరువే కారణమైతే, ఎక్కువ బరువున్నప్పుడు పుట్టిన బిడ్డకూ తక్కువ బరువున్నప్పుడు పుట్టిన బిడ్డకూ తేడా తేలాలి. అలా చూసేసరికి 1.64 కాస్తా 1.15కు దిగింది. అది కూడా యాదృచ్ఛికం కావచ్చుననేంత చిన్న తేడా.

"అంటే రెండు కాన్పులకూ ఉమ్మడిగా ఆ ఇంట్లో ఇంకేదో ఉందన్నమాట," అంటూ ఆమె ఒక తల్లి బొమ్మ, ఇద్దరు పిల్లల బొమ్మలు గీసి, ముగ్గురినీ ఒకే వలయంలో పెట్టింది. కవలల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, ఈ సమస్యలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో సుమారు 74 శాతం జన్యువుల వల్ల వచ్చేవేనట. ఆ జన్యువుల్లో కొన్ని బరువు పెరగడంతోనూ ముడిపడి ఉన్నాయట.

నాకు వెంటనే మా పాప గుర్తొచ్చింది. పాప కడుపున పడేనాటికి నేను 89 కిలోలు. అది బొమ్మల ముక్కలు ముందేసుకుని గంటసేపు కదలదు. ఏదో కేసు గెలిచినంత సంబరంగా ఆ మాట చెప్పాను. డాక్టరమ్మ నవ్వింది. "ఒక్క ఇల్లు అధ్యయనం కాదమ్మా. పైగా ఆడపిల్లల్లో ఇది చాలాసార్లు కలలు కంటూ కూర్చున్నట్టు ఉంటుంది, త్వరగా బయటపడదు." నా సంబరం అంతసేపే.

తర్వాత నేను నింపిన ప్రశ్నపత్రాన్ని నా వైపు జరిపింది. "దీనికి రెండో వైపు కూడా ఉంది. మీరు చూడలేదు." నిజమే, వెనక పేజీ తెల్లగా ఉంది. "ఇందాక ఫోను కోసం రెండుసార్లు బయటికి వెళ్లొచ్చారు. రెండుసార్లూ అది మీ చేతిలోనే ఉంది. చిన్నప్పుడు మీరెలా ఉండేవారు?"

మా ఆయన గోడ మీది బొమ్మను శ్రద్ధగా చూడసాగాడు.

ఆ సాయంత్రం అమ్మకు ఫోను చేశాను. "వాడు నీ పోలికే కదే. నిన్ను మేం తిట్టని రోజుందా?" అంది మామూలుగా. ట్రంకుపెట్టె అడుగు నుంచి నా నాలుగో తరగతి ప్రోగ్రెసు కార్డు తీసి పంపింది. మడతల దగ్గర చిరిగింది. "తెలివి ఉంది, ధ్యాస లేదు" అని రాసి ఉంది. ఇరవై ఏడేళ్ల తేడాతో ఒకే మాట. నాన్న సంతకం చేయాల్సిన చోట సంతకం లేదు. ఇంటికి తీసుకెళ్లి చూపించడం నేనే మరిచిపోయి ఉంటాను.

పెద్దల మానసిక వైద్యుడు నాకు రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, డిప్రెషన్. ముందు దాన్నే పట్టాడు. మాత్ర, వారానికొక కౌన్సెలింగు, వేళకు పడుకోవడం, మూడు పూటలా తినడం. పస్తులున్నవాళ్లు రాత్రి తిండి మీద పడటం ఒంటి గుణమనీ, నా గుణం కాదనీ కౌన్సెలరు ఎన్నిసార్లు చెప్పిందో. నాలుగు నెలలకు గానీ తెల్లవారితే భయం వేయడం తగ్గలేదు. రెండోది, నాకూ ఏడీహెచ్‌డీ ఉండటం. 17 ఏళ్లు నిండినవాళ్లకు ఒక వైపు 5 లక్షణాలు ఉన్నా చాలు, కానీ 12 ఏళ్లలోపే మొదలైనట్టు ఆధారం కావాలి. నా ఆధారం మడతల దగ్గర చిరిగిన ఆ కార్డే.

ఏడీహెచ్‌డీకి ఇచ్చే మందు మిథైల్‌ఫెనిడేట్ బీపీని, గుండె వేగాన్ని పెంచవచ్చు. నాకు పాత చరిత్ర ఉంది కాబట్టి ముందు కొన్ని వారాలు బీపీ రాయించి, ఆ తర్వాతే చిన్న మోతాదుతో మొదలుపెట్టాడు. మోతాదు రెండోసారి పెంచిన మర్నాడు ఉతికిన బట్టలు మడతపెట్టడానికి కూర్చున్నాను. పూర్తయింది. అనుమానం వచ్చి బుట్టలోకి మళ్లీ తొంగి చూశాను, అడుగు కనిపిస్తోంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ బుట్ట అడుగు ఒకే విడతలో చూడటం అదే మొదటిసారి. సుఖాలు మాత్రమే చెబితే తప్పవుతుంది. నోరు ఎండిపోతుంది. సాయంత్రం మందు దిగిపోయే వేళ విసుగు ముంచుకొస్తుంది, ఆ గంటలో నాతో ఎవరూ లెక్కలు మాట్లాడరు.

మా వాడికీ మందు ఉంది, బడిలో ముందు బెంచీ ఉంది. తల్లిదండ్రులకిచ్చే శిక్షణకు మేమిద్దరం పది వారాలు వెళ్లాం. "స్నానం చేసి, బట్టలేసుకుని, సంచి సర్దుకో" అంటే వాడికి చివరి మాటే మిగులుతుందని అక్కడ నేర్చుకున్నాను. ఒకసారికి ఒకే పని చెప్పాలి. చేయగానే, చేసిన పని పేరు పెట్టి మెచ్చుకోవాలి. మందుతో మధ్యాహ్నం వాడికి ఆకలి తగ్గుతుంది కాబట్టి మూడు నెలలకోసారి ఎత్తూ బరువూ చూస్తారు. ఆ తూకం యంత్రం ఎదుట మొదటిసారి నిలబడినప్పుడు నా చేతులు చల్లబడ్డాయి. ఇప్పుడు ఫరవాలేదు.

నా బరువు 81కి వచ్చింది. పదిహేను నెలలు పట్టింది. రాత్రి తిండి ఆగడమే అందులో పెద్ద వాటా అనుకుంటాను. మొన్న మా చెల్లెలు, ఇంకా పిల్లలు లేరు, "అయితే బరువు తగ్గక్కర్లేదా అక్కా?" అని అడిగింది. తగ్గితే మంచిదేనన్నాను. గర్భంలో షుగరు, బీపీ, ఆపరేషన్ కాన్పు, ఇవన్నీ బరువుతో నిజంగానే పెరుగుతాయి, బీపీ సంగతి నేను పడ్డాను కూడా. డాక్టరుతో మాట్లాడి, తింటూ తగ్గమన్నాను. పుట్టబోయే బిడ్డ ధ్యాస కోసమని మాత్రం పస్తులుండవద్దన్నాను.

పోయిన నెల మా వాడిని మరో డాక్టరుకు మార్చాల్సి వచ్చింది. మళ్లీ కొత్త దరఖాస్తు. "గర్భానికి ముందు తల్లి బరువు" అన్న గడి వచ్చింది. 84 అని రాసి కింది గడికి వెళ్లిపోయాను. నింపి కిటికీ దగ్గర ఇవ్వబోతుంటే మా వాడు నా మోచేయి పట్టి లాగాడు.

"అమ్మా, దీనికి వెనక కూడా ఉంది."