మళ్లీ తప్పు కటౌటే

పన్నెండు దాటింది. మా పాత అంబాసిడర్ మార్క్-2 కారుకని తెప్పించిన కటౌట్ డబ్బా భోజనాల బల్ల మీద అలాగే ఉంది. ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే డైనమోని బ్యాటరీకి కలిపి, విడదీసేదన్నమాట. అమ్మ రెండుసార్లు లేచొచ్చి "ఇంకా దాంతోనేనా నాయనా" అని అడిగి వెళ్లి పడుకుంది.

ఇలా తప్పుది రావడం ఇది మూడోసారి. కొట్టుకి ఒకటి కాదు, నాలుగు ఫొటోలు పంపాను. పాతదాని కింద వరసగా ఐదు టెర్మినళ్లు: ఏ, ఏ1, ఎఫ్, డి, ఇ. మూత తీస్తే లోపల రెండు తీగ చుట్టలు. ఒకటి కటౌట్, రెండోది వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్. ఇదంతా ఫోన్లో కూడా చదివి వినిపించాను. "అంబాసిడర్‌దే సార్, కళ్లు మూసుకుని బిగించుకోండి" అన్నాడు కొట్టాయన. ఈరోజు కొరియర్ విప్పితే లోపల మూడు చుట్టలున్నది! టెర్మినళ్లు బి, ఎఫ్, డి, డబ్ల్యూఎల్, ఇ. స్క్రూలు లేవు, అన్నీ గుచ్చే క్లిప్పులే. అదీ డైనమో బళ్లదే, కాదనను. కానీ మా మార్క్-2కి ఉన్నది అది కాదు. ఫోన్ చేస్తే "అడ్జస్ట్ అయిపోతుంది సార్" అంటాడు. ఏం అడ్జస్ట్ అవుతుంది? ఏ1 వైరు ఎక్కడ పెట్టుకోను? తెరిచిన సరుకు వెనక్కి తీసుకోరట. తెరవకుండా లోపల రెండు చుట్టలున్నాయో మూడున్నాయో ఎలా తెలుస్తుంది? డబ్బు పోయినందుకు కాదు నా బాధ. అడిగింది ఒక్క మాటైనా చెవిన వేసుకోలేదు.

ఆ కోపం సాయంత్రం మెకానిక్ మీద చూపించాను. "డైనమో పీకేసి కొత్తరకం ఆల్టర్నేటర్ పెట్టేద్దాం ఆజ్ఞా, ఈ కటౌట్ గొడవే ఉండదు" అన్నాడు పాపం, మామూలుగానే. ఆజ్ఞా అంటే ఒడియాలో అయ్యా అని. "మా నాన్నగారు ఉంచినట్టే ఉండాలి, తెలీకపోతే వదిలెయ్" అన్నాను. కుర్రాడితో ఒడియాలో ఏదో అని, టీ తాగకుండా వెళ్లిపోయాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోతే ఏమిటో మీకు తెలుసుగా.

నాకు పదేళ్లప్పుడు సోంపేటలో పెళ్లి చూసుకుని రాత్రి బరంపురం వస్తున్నాం. ఇచ్ఛాపురం ఇంకా రాలేదు. మీటర్ల దగ్గరి ఎర్రలైటు ఎంత రేజ్ చేసినా ఆరడం లేదు, మసకగా వెలుగుతూనే ఉంది. ఛార్జింగ్ లేదన్నారు నాన్న. ఇంజన్ నడవడానికి పెద్దగా కరెంటు అక్కర్లేదు, బ్యాటరీని తాగేది హెడ్‌లైట్లే. అందుకని వాటిని ఆర్పేసి, ఒక లారీ వెనకాలే దాని ఎర్రదీపాలు చూసుకుంటూ నడిపారు. అమ్మ వెనకసీట్లో దండకం చదువుతోంది. బాహుదా వంతెన ఇవతల ఆపారు. బ్యాటరీ క్లిప్పు ఊడదీసి, కటౌట్ మూత తీసి, అగ్గిపెట్టె పక్కనుండే గీసే పట్టీ చింపి కలిసి విడిపోయే రెండు పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగారు. టార్చి నా చేతిలో ఉంది. "చెయ్యి కదపకు" అన్నారు. గోపాలపురం సముద్రపు గాలికి మా ఇంట్లో ఏ ఇత్తడైనా చిలుమెక్కేది, ఈ పాయింట్లూ నల్లబడిపోయాయి. మూడోసారి లాగాక పట్టీ మీద నల్లటి గీత పడింది. మళ్లీ స్టార్ట్ చేసి రేజ్ చేస్తే లైటు ఆరిపోయింది. నాన్న నా నెత్తి మీద చెయ్యి వేశారు. ఆ చేతికి పెట్రోలు వాసన.

ఇదంతా రాస్తుంటే ఆదివారం చూసింది గుర్తొచ్చింది. కంపెనీ వైరింగ్‌లో బ్యాటరీ మెయిన్ బ్రౌన్, ఇగ్నిషన్ తెలుపు, ఫ్యూజు దాటినవి ఆకుపచ్చ, ఎర్త్ నలుపు. మా బండిలో డైనమో నుంచి కటౌట్‌కి వచ్చేది ఇంటి కరెంటుకు వాడే ఎర్ర వైరు. నాన్న వేసిందే. అంటే ఆయనే ఉన్నది ఉన్నట్టు ఉంచలేదు. అందిన వైరు వేసి పని జరుపుకున్నారు. మరి ఆయన పేరు చెప్పి ఆ మనిషిని కసిరే హక్కు నాకెక్కడిది? మెకానిక్ చెప్పిందీ తప్పు కాదు. ఆల్టర్నేటర్ ఐడిలింగ్‌లో కూడా ఛార్జ్ చేస్తుంది. రోజూ ఆఫీసుకి తీసే బండైతే నేనూ అదే పెట్టించేవాణ్ని.

కానీ ఆల్టర్నేటర్ పెడితే గేటు దగ్గర ఆగినప్పుడు ఎర్రలైటు వెలగదు. డైనమో బండిలో ఇంజన్ నెమ్మదిస్తే ఆ లైటు మినుకుమినుకుమంటుంది. కాస్త తొక్కితే, వోల్టేజి 12.7, 13.3 మధ్య ఎక్కడో కటౌట్ పాయింట్లు కలిసి లైటు ఆరిపోతుంది. నాన్న నడుపుతుంటే పక్కసీట్లో కూర్చుని నేను చూసినంతసేపూ చూసింది ఆ లైటునే. నాక్కావలసింది అదే. వైరు ఏ రంగుదైనా ఫరవాలేదు.

పాతదాంట్లో పాయింట్లు బాగానే ఉన్నాయి, రెగ్యులేటర్ చుట్టే కాలింది. మోటార్లు చుట్టేవాళ్లెవరైనా దాన్ని మళ్లీ చుట్టగలరేమో. ఎవరు చుడతారో మెకానిక్‌కే తెలియాలి. తొమ్మిదికి షెడ్డు తీస్తాడు. పాత డబ్బా పట్టుకెళ్లాలి. ముందు సారీ చెప్పాలి.